ఊరికే చేసే పని ఎవరిది?



పోయిన భాగంలో హాస్టల్ మెస్ బిల్లుల మీద రాసినదానికి ఇంకా చర్చ నడుస్తూనే ఉంది. దాన్ని అక్కడ నడవనివ్వండి. ఈ వారం బొంత గురించి, బీరు గురించి రాస్తాను. నవ్వకండి. ఈ రెండింటికీ, మా కాలేజీలో జరగబోయే రెండు రోజుల ‘పల్లె పండుగ’కూ దగ్గరి చుట్టరికం ఉంది.

నా దగ్గర డిగ్రీ చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు ఇంగ్లండ్‌లో పీజీ చేస్తోంది. వనపర్తి దగ్గరి పల్లె, మాదిగ ఇంటి పిల్ల, అప్పు తెచ్చుకున్న చదువు. మొన్నొక శని, ఆదివారాల ఫొటోలు పంపింది. శనివారం ఆ ఊరి బీరు పండుగలో వాలంటీరు. మెడలో బ్యాడ్జీ, ఒంటిమీద పండుగ టీషర్టు, చేతుల్లో కడిగిన గ్లాసుల ట్రే. ఆదివారం ఒక కమ్యూనిటీ హాల్లో పదిమంది ఆడవాళ్ల మధ్య కూర్చుని పాత బట్టల ముక్కలు కలిపి దుప్పటి కుడుతోంది. కింద ఇట్లా రాసింది: “మేడమ్, రెండు దినాలు రూపాయి తీస్కోకుంట పని చేసిన. గిదే పని మన ఊర్ల అయితే మా నాయిన చెయ్యనియ్యకపోవు. ఈడ మరి సంబురమైంది. ఎందుకట్ల?”

వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాసి పంపే ప్రశ్న కాదిది.

ముందు ఆ బీరు పండుగ సంగతి చెప్పుకుందాం. పెద్ద కంపెనీలు పబ్బులన్నిటినీ ఒకే రకం బీరుతో నింపేస్తున్నాయని, పీపాలోనే పులిసే పాత పద్ధతి బీరు మాయమవుతోందని 1971లో బ్రిటన్‌లో కొందరు ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు కామ్రా. 1977 నుంచి జాతీయ స్థాయిలో పెద్ద బీరు పండుగ మొదలుపెట్టారు, పట్నం పట్నానా చిన్న పండుగలూ చేస్తారు. వాటిని నడిపేది జీతగాళ్లు కారు, సభ్యులే. పీపాలు దొర్లిస్తారు, బీరు పోస్తారు, గ్లాసులు కడుగుతారు, చెత్త ఎత్తుతారు. తిండి, టీషర్టు, నాలుగు టోకెన్లు, అంతే. మా అమ్మాయి పక్కన గ్లాసులు కడిగినాయన రిటైరైన హెడ్మాస్టరట. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇక బొంత. మా వాడలో ఎండాకాలం వచ్చిందంటే చేన్లలో పని ఉండదు, వేపచెట్టు కింద బొంతలు పరిచేవాళ్లు. చినిగిన చీరలు, నాయినల పాత పంచెలు, పిల్లలకు పొట్టివైన లంగాలు. మెత్తటివి లోపలికి, రంగువి పైకి. నాలుగు మూలలకు నాలుగు రాళ్లు పెట్టి, ముడుతలు పోయేటట్టు చేత్తో దిద్ది, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ వచ్చేవాళ్లు. ఒక్కరు కుడితే నెల, నలుగురు కూడితే వారం. కుట్టు దగ్గరగా పడితే బొంత గట్టిది, దూరం పడితే ‘ఏంది, అత్తగారింటికి పోయేటట్టు కుడ్తున్నవ్’ అని ఎత్తిపొడుపు. రాయచూరు వైపు దీన్నే కౌది అంటారు, బెంగాల్లో కాంత. కాంతను షోరూముల్లో చూసి ఉంటారు. బొంతను మాత్రం బస్టాండులో చూసి ఉంటారు.

ఎందుకంటే మన మూడు జిల్లాలు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, 2016 దాకా ఒకటే మహబూబ్‌నగర్. పాలమూరు లేబర్ అని పేరు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా, బొంబాయిలో పునాది తీసినా అక్కడ మనవాళ్లున్నారు. ఆ ప్రయాణంలో మూటలో ముందు పెట్టేది బొంత. సైట్ దగ్గర టెంటు లేకపోయినా బొంత ఉంటే పడక అయినట్టే. దాంట్లోనే బాలింత, దాంట్లోనే జ్వరమొచ్చిన ముసలోడు. నేను హాస్టల్‌కు పోయేటప్పుడు మా అమ్మ నా ట్రంకు మీద కట్టింది బొంతే. రెండో రోజు దాన్ని మంచం కింద దాచి, చలికి వణుక్కుంటూ పడుకున్నాను. అట్లా దాచినవాళ్లు ఇది చదివేవాళ్లలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

ఇదే గద్వాలలో ఇంకో గుడ్డ ఉంది. నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు, ఆ రెండు రకాల దారాన్నీ మగ్గం మీదనే పొందించే నేత. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు పోతాయి. సంస్థానం నాటి ఆచారం. నేసేవాళ్లు 41 రోజులు దీక్షలో ఉండి నేస్తారు. ఆ నేతగాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. తాను నేసిన పట్టు చీరను తన ఇంట్లో పెండ్లికి కొనలేని నేతన్నలు గద్వాల సందుల్లో చాలామంది ఉన్నారు. నా పేచీ గుర్తింపు లెక్కతో. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ కోసం సంస్థాన కవిత్వం గుట్టలు గుట్టలుగా చదివాను. ‘విద్వద్గద్వాల’ అని కీర్తి పొందిన ఊరు కదా. పట్టు పుట్టాల మీద, జరీ అంచుల మీద ఎన్ని పద్యాలో! నేను చదివినంతలో బొంత మీద ఒక్కటీ కనబడలేదు.

ఇంకా వెనక్కి పోతే కథ వేరే ఉంది. ముతక నూలు గుడ్డ నేసినవాళ్లలో మాలలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాలలో కూడా మాలల వృత్తుల్లో నేత కనబడుతుంది. మిల్లు గుడ్డ వచ్చింది, ఆ మగ్గాలు పోయాయి. మగ్గం పోయినవాడు కూలీ అయ్యాడు. పట్టు నేతకు సంస్థానం అండ ఉంది, తర్వాత సొసైటీలు వచ్చాయి, చేనేత దినం వచ్చింది. మాల మగ్గానికి ఏ దినమూ లేదు. మా విద్యార్థుల్లో మాల పిల్లలను ‘మీ తాతల తాతలు నేతగాళ్లు’ అంటే నమ్మరు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో నది మలుపులో జీస్ బెండ్ అని ఒక నల్లవాళ్ల పల్లె ఉంది. పత్తి తోటల బానిసల వారసులు. అక్కడి ఆడవాళ్లు అరిగిపోయిన పని బట్టలతో బొంతలు కుట్టుకున్నారు, మనలాగే చలికి. 1962లో, వాళ్లు ఓటు నమోదుకు పోవడం మొదలుపెట్టిన రోజుల్లో, నది దాటించే పడవను అధికారులు ఆపేశారు. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ పల్లెకు వచ్చాడు. 1966లో ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని సహకార సంఘం పెట్టుకుని బొంతలను అమ్మారు, సొంత సంపాదన కండ్లచూశారు. 2002లో అవే బొంతలు న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో తపాలా బిళ్లల మీద వచ్చాయి. ఆగిపోయిన పడవ మళ్లీ నడిచింది కూడా ఆ 2006లోనే. నలభై నాలుగేండ్లు. తర్వాత అమ్మకాల్లో తమకు రావలసింది రాలేదని కొందరు కోర్టుకు పోయారు కూడా. మ్యూజియం గోడ ఎక్కినంత మాత్రాన సొమ్ము ఇంటికి రాదని వాళ్లకు అర్థమైంది. నేను ఆ మ్యూజియం కన్నా 1966 సంఘాన్నే పెద్ద విషయంగా చూస్తాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో వారాంతం వర్క్‌షాపుల్లో ప్యాచ్‌వర్క్ నేర్పుతున్నారు. మంచిదే, నేర్చుకోనీయండి. కానీ అక్కడ గుడ్డముక్కలు కొత్త గుడ్డను కత్తిరించి తెస్తారు. మొదటిసారి విన్నప్పుడు మా అమ్మకు చెప్పాను. “కొత్తగుడ్డ కోసి మల్ల కుడ్తరా? ఎందుకు బిడ్డా?” అంది. నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

ఇక తాగుడు. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే మన ఉద్యమ మిత్రుల్లో రెండు పక్షాలున్నాయి. ఒక పక్షం, ‘కల్లు మన సంస్కృతి, వాళ్లు బీరు తాగితే నాగరికత, మనం కల్లు తాగితే తాగుబోతులమా?’ అంటుంది. దాంట్లో నిజముంది. నగరంలో మైక్రోబ్రూవరీకి సర్కారు లైసెన్సు ఇస్తుంది, పేపర్లు దాని మీద ఫీచర్లు రాస్తాయి. అమ్రాబాద్, అచ్చంపేట అడవుల్లో చెంచు ఆమె ఇప్పపువ్వు కాస్తే ఎక్సైజ్ కేసు. గోవా తన ఫెనీని వారసత్వ పానీయం అని ప్రకటించుకుంది, మధ్యప్రదేశ్ ఇప్పసారాను హెరిటేజ్ మద్యం చేసింది. ఇక్కడ అదే పువ్వు నేరం.

కానీ ఇంకో నిజాన్ని ఈ పక్షం ఎత్తదు. పాలమూరులో కల్లు పేరుతో పోసేదాంట్లో ఎంత చెట్టుది, ఎంత మందుది? క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలం. ఈ పేర్లు మన పల్లెల్లో చదువురానివాళ్లకు కూడా తెలుసు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు మా పెదనాయిన మూడు రాత్రులు గోడతో మాట్లాడాడు. చేతులు వణికి గ్లాసు పట్టలేకపోయాడు. మా పెద్దమ్మ ఆయన్ను మంచానికి కట్టేసి, పొద్దున లేచి పత్తి ఏరడానికి పోయింది. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయినప్పుడు నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. దీన్ని సంస్కృతి అంటే ఆమె ముందు నిలబడి అనాలి.

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించి మొదలుపెట్టిన ఉద్యమం 1992కల్లా రాష్ట్రమంతా పాకింది. కూలీ ఆడవాళ్లు, దళిత ఆడవాళ్లు దాని ముందు నడిచారు. 1993లో సారా బంద్ అయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఇప్పుడు ఊరూరా బెల్టుషాపు. 2021లో మద్యం దుకాణాల లైసెన్సుల్లో గౌడ్లకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 2025లో ఆ లాటరీకి దరఖాస్తు రుసుమే 3 లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగి ఇవ్వరు. 3 లక్షలు పోగొట్టుకోగలిగిన ఎస్సీ మనిషి పేరు వెనుక ఎవరి డబ్బు ఉంటుందో మీకు నేను చెప్పాలా? సామాజిక న్యాయం సీసాలో ఇట్లా వచ్చింది.

కాబట్టి నేను రెండో పక్షమా అంటే, అదీ కాదు. తాగుడు మీద మాట్లాడే హక్కు ముందు మా పెద్దమ్మది. ఆమె తర్వాతే నాది, పబ్బుది, ఎక్సైజు వాళ్లది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న అసలు ముడి దగ్గరికి వద్దాం. రూపాయి తీసుకోకుండా గ్లాసులు కడిగితే అక్కడ సంబరం ఎందుకైంది, ఇక్కడ వాళ్ల నాయినకు కోపం ఎందుకొస్తుంది?

వాళ్ల నాయినకు తెలిసిన ‘ఊరికే చేసే పని’ పేరు వెట్టి. ఊర్లో పెద్దమ్మ పండుగైనా, జాతరైనా, చావైనా డప్పు ఎవరు కొట్టాలి, దండోరా ఎవరు వెయ్యాలి, బలి పడినచోట నేల ఎవరు కడగాలి, ఇవన్నీ పుట్టకముందే రాసిపెట్టి ఉన్నాయి. దానికి పొగడ్త పేర్లు కూడా ఉన్నాయి. సేవ అంటారు, మీ హక్కు అంటారు, మీరు లేకుంటే పండుగే లేదంటారు. కురుమూర్తి జాతరలో ఉద్దాలు చూడండి. స్వామివారి చెప్పులు కుట్టేది వడ్డెమాన్ దళితులు, నిష్ఠతో ఉండి కుడతారు. అన్ని కులాలవాళ్లూ ఆ చెప్పులను నెత్తికి తాకించుకుంటారు. ఆ గౌరవం కుట్టినవాళ్ల వాడ దాకా ఎంత నడిచి వచ్చిందో ఏటా జాతరకు పోయే మిత్రులు చెప్పండి. ఇక మక్తల్, నారాయణపేట, గద్వాల వైపు జోగినీలను తలచుకుంటే ‘సేవ’ అనే మాటే నోట్లో చేదవుతుంది. దళిత ఆడపిల్లను దేవతకిచ్చి, తాగిన మొగవాళ్ల మధ్య జాతరలో ఆడించి, దానికి భక్తి అని పేరు. 1988లో చట్టం వచ్చింది. చట్టం తర్వాత కూడా ఆ ఆడవాళ్లు పింఛను కోసం, పిల్లల సర్టిఫికెట్లలో తండ్రి పేరు గడి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు.

అంబేడ్కర్ 1928లో బొంబాయి కౌన్సిల్‌లో మహర్ వతన్ చట్టాన్ని సవరించాలని బిల్లు పెట్టాడు. ఊరి చాకిరీకి కట్టేసి, దానికి బదులు ఇంత భూమి ముక్క చూపించే వతన్‌ను ఆయన గౌరవంగా చూడలేదు, సంకెలగా చూశాడు. మహర్లలో కూడా కొందరికి అది నచ్చలేదు, భూమి పోతుందని భయం. రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అక్కడ కొలత ఒక్కటే, ఆ మనిషి కాదనగలడా లేదా.

ఇంగ్లండ్‌లో మా అమ్మాయి కాదనగలదు. వచ్చే శనివారం పోకపోతే ఎవరూ వాళ్ల ఇంటికి కబురు పెట్టరు. ఆమె పక్కన హెడ్మాస్టరు కూడా గ్లాసులే కడిగాడు. సంబరం అక్కడి నుంచి వచ్చింది. అయితే ఇంగ్లండ్‌ను మరీ మెచ్చుకోవద్దు. అదే ఊళ్లో రాత్రిపూట వేర్‌హౌసులో డబ్బాలు మోసేదీ ఇదే అమ్మాయి, అక్కడ ఆమె పక్కన హెడ్మాస్టర్లెవరూ లేరు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా కాలేజీ పల్లె పండుగ. కాలేజీ పేరు రాయను, మన మూడు జిల్లాల్లో ఏ కాలేజీ అయినా అనుకోండి. శని, ఆదివారాలు. ఆవరణలో గుడిసె సెట్టు, ఎడ్లబండి, చేనేత స్టాలు, బొంతల ప్రదర్శన, ఒక ఉత్తుత్తి కల్లు కంపౌండు కూడా. ముంతల్లో మజ్జిగ పోస్తారట. వాలంటీర్ల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. నేను దాన్ని పెన్సిలు పట్టుకుని చదివాను. మైకు, రిసెప్షన్, అతిథులకు బొట్టుపెట్టడం ఒక వైపు. కుర్చీలు మోయడం, ఆవరణ ఊడవడం, ప్లేట్లు తీయడం ఇంకో వైపు. రెండో వైపు పేర్లన్నీ హాస్టల్ పిల్లలవి. కారణం అడిగితే, ‘వాళ్లు వారాంతం ఇక్కడే ఉంటారు కదా మేడమ్, బస్సు ఇబ్బంది ఉండదు’ అన్నారు. కులం అని ఎవరూ అనలేదు. బస్సు అన్నారు.

ఒక క్లాసులో ‘డప్పు వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా?’ అని అడిగి, అడిగినాయన కండ్లు మాత్రం మూడో బెంచీ మీద పెట్టాడట. ఒక గౌడ పిల్లవాడిని మోకు, ముస్తాదు తెచ్చుకుని ఫొటోలకు నిలబడమన్నారు. ప్రదర్శనకు బొంతలు కావాలి, ఇంటి నుంచి ‘ఊరికే’ తెమ్మన్నారు. గద్వాల చీరల స్టాలుకు మాత్రం అద్దె లేదు, అమ్మకం ఉంది, ధర చీటీ ఉంది.

కొందరు మిత్రులు పండుగనే బహిష్కరించాలన్నారు. డప్పు ముట్టవద్దు, బొంత చూపించవద్దు, పేదరికాన్ని తమాషా చేస్తున్నారు అని వాళ్ల వాదన. నేను ఒప్పుకోలేదు. బొంతను మంచం కింద దాచడం నేను చేసి చూశాను, దానివల్ల చలి తప్ప ఏమీ రాలేదు. డప్పు కొట్టాలనుకున్న పిల్లవాడు కొడతాడు, మైకు వాళ్లకిచ్చే శాలువా, సర్టిఫికెట్ వాడికీ ఇవ్వాలి. కొట్టనన్నవాడిని రెండోసారి అడగవద్దు.

పిల్లలే ఒక కాగితం రాసుకొచ్చారు. నేను వ్యాకరణం దిద్దాను, అంతే. పనులు చీటీలు వేసి పంచాలి, లెక్చరర్ల పేర్లు కూడా ఆ డబ్బాలో ఉండాలి. బొంత పక్కన కుట్టినామె పేరు, ఊరు, ధర రాయాలి, అమ్మితే సొమ్ము ఆమెకే. కల్లు కంపౌండు సెట్టు తీసెయ్యాలి, లేదా పక్కనే కల్తీ కల్లు మీద పిల్లలు చేసిన పోస్టర్లు పెట్టాలి. హాస్టల్ పిల్లలు ఆదివారం రాత్రి ఎనిమిదికల్లా గదుల్లో ఉండాలి, సోమవారం ఇంటర్నల్ పరీక్ష ఉంది.

కమిటీ చీటీలకు ఒప్పుకుంది, లెక్చరర్ల పేర్ల దగ్గర ఆగింది. బొంతల ధర దగ్గర కూడా. ‘పాత గుడ్డకు ధరేంటి?’ అని ఒకాయన అడిగాడు. దానికి జవాబుగా వాడల్లో అమ్మలను అడిగి ఒక్కో బొంతకు ఎన్ని దినాలు పట్టిందో రాసుకుని, ఉపాధి హామీ కూలీ లెక్కన గుణించి పట్టిక తయారుచేస్తున్నారు మా రెండో సంవత్సరం పిల్లలు. నిన్నటికి పదకొండు బొంతల లెక్క అయింది. మా అమ్మ తన బొంతకు పద్దెనిమిది దినాలు చెప్పింది, పక్కింటామె వెంటనే ‘ఇరవై ఐదు, నేను చూసిన’ అంది. ఇరవై ఐదే రాశారు.

శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ సమావేశం. చీటీల డబ్బాలో నా పేరు నేనే రాసి వేశాను.